బడిపిల్లల దంతములు - ఊరి నీరు

విశాఖపట్టణపు రేవునకు ఆవల, యారాడ కొండలకు ఈవల మల్కాపురము కలదు. 1948లో జలఉష అను ఓడను సముద్రమునకు అందించిన నౌకా కర్మాగారము, 1957లో పని మొదలిడిన చమురు శుద్ధి కర్మాగారము ఈ ప్రాంతమునకు చేరువనే యున్నవి. పనుల కొరకు శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెల నుండియు, అంతకంటె దూరపు సీమల నుండియు కుటుంబములు వచ్చి ఇచట స్థిరపడినవి. నేడు ఇది మహా విశాఖ నగరపాలక సంస్థలో ఒక భాగము. గ్రామ పంచాయతీ సభ్యుల కొరకు వెలువడు ఈ పత్రికలో నగరపు పేట ముచ్చట యేల యని పాఠకులు అడుగవచ్చును. ఈ పేటలోని ఒక పాఠశాలలో, ఒకే బల్లపై కూర్చున్న ఇద్దరు బాలురను చూచిన తరువాత, ప్రతి గ్రామ పంచాయతీయు తెలిసికొనదగిన విషయము ఒకటి అచట కలదని మాకు తోచినది.

ఆ ఇద్దరును ఆరవ తరగతి వారు. మొదటివాడు మల్కాపురములోనే పుట్టి పెరిగినవాడు. వాని ముందుపళ్ళు తెల్లగనే యున్నవి గాని, నోరు బాగుగ తెరచినప్పుడు దవడపళ్ళలో రెండు నల్లబడి గుంటలు పడియుండుట కానవచ్చినది. అందొకటి రాత్రులందు సలుపుచున్నదని వాడు చెప్పెను. రెండవవాడు కనిగిరి ప్రాంతపు పల్లెలో పుట్టి, తండ్రికి ఇచట పని దొరుకగా చిన్ననాడే వచ్చినవాడు. వాని దవడపళ్ళలో గుంట యొకటియు లేదు. కాని ముందుపళ్ళపై సుద్దవంటి తెల్లని మచ్చలు, వాటి మీదుగ గోధుమరంగు చారలు. వాడు నవ్వునప్పుడెల్ల అరచేతిని నోటికి అడ్డము పెట్టుకొనుచుండెను.

"ఇద్దరిదీ ఒకటే జబ్బండీ, బద్ధకం. రోజూ చెబుతూనే ఉన్నాను, పళ్ళు తోముకోరు" అని ఉపాధ్యాయుడు మాతో అనెను. ఆయన పిల్లల మేలు కోరియే అట్లనెను. కాని ఆ మాట రెండవ బాలుని విషయమున బొత్తిగా సత్యము కాదు. వాడు ఇటుకపొడితో చిగుళ్ళు నెత్తురు కారునట్లు తోముచున్నాడని వాని తల్లి చెప్పినది. అయినను మచ్చ కదలలేదు. ఎంత తోమినను అది కదలునది కాదు.

మొదటివానికి కీడు చేసినది చక్కెర. రెండవవానికి కీడు చేసినది పుట్టిన ఊరి నీరు. రెండును దంతములకు కలుగు చేటులే యైనను, ఒకదాని మందు మరియొకదానికి పనికిరాదు. తన ఊరిలో ఏది యున్నదో తెలియక పూనుకొనిన పంచాయతీ సొమ్ము వెచ్చించియు పిల్లలకు మేలు చేయజాలదు. కావున మొదట ఊరి నీటిని తెలిసికొనవలెను. ఆ పిమ్మటనే దంతములకు చికిత్స యోచింపవలెను. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఇదియే.

బిందెలో బియ్యపు గింజ

రెండవ బాలుని పళ్ళపై మచ్చలు వేసిన పదార్థము పేరు ఫ్లోరైడు. ఇది భూమిలోని రాళ్ళయందు సహజముగ నుండునది. గ్రానైటు జాతి శిలలు గల నేలలో వాననీరు ఇంకి, ఏండ్ల తరబడి రాతి నెరియలలో నిలిచి, రాతిలోని ఫ్లోరైడును కొంచెము కొంచెముగ కరగించుకొనును. నీటిలో కాల్షియము తక్కువై క్షారగుణము ఎక్కువైనచో మరింత కరగును. అందువలన వాగులు, చెరువులు, జలాశయముల నీటిలో కంటె లోతైన గొట్టపుబావుల నీటిలో ఇది తరచు ఎక్కువగ నుండును. దీనికి రంగు లేదు, వాసన లేదు, నాలుకకు తెలియు రుచియు లేదు. తేటగా, తియ్యగా నున్న నీరు మంచిదని మన పెద్దలు నమ్మిరి. ఉప్పదనము విషయమున ఆ నమ్మకము చెల్లును గాని ఫ్లోరైడు విషయమున చెల్లదు.

త్రాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రామునకు మించి ఫ్లోరైడు ఉండరాదనియు, వేరు నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణముల సంస్థ నిర్ణయించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థయు 1.5 మిల్లీగ్రాములనే హద్దుగ పెట్టినది. ఈ లెక్క ఎంత చిన్నదో ఒక పోలికతో చెప్పెదము. ఒక బియ్యపు గింజ సుమారు 20 మిల్లీగ్రాముల బరువుండును. 20 లీటర్లు పట్టు బిందెలో ఒక గింజ యెత్తు ఫ్లోరైడు కరగియున్నచో అది లీటరుకు 1 మిల్లీగ్రాము. ఆ బిందెలో ఒక గింజ యెత్తు ఉన్నను భయము లేదు. ఒకటిన్నర గింజ దాటినచో ఎదుగు పిల్లల పళ్ళపై మచ్చలు పడుట ఎక్కువగును. మూడు గింజలు దాటిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో ఎముకలకు చేటు మొదలిడును. పది గింజలు దాటినచో మనుష్యుని వంచివేయును.

దంతముల మచ్చలకు కాలము కూడ ముఖ్యము. మన శాశ్వత దంతములు చిగురులో నుండి బయటకు రాకమునుపే, దవడ యెముకలో తయారగుచుండును. ముందుపళ్ళ పైనున్న గట్టి పింగాణి పొర పుట్టిన మొదటి యేడాది నుండి సుమారు ఏడెనిమిది సంవత్సరములలోపున ఏర్పడును. ఆ కాలమున బిడ్డ త్రాగు నీటిలో ఫ్లోరైడు హెచ్చినచో ఆ పొర సరిగ గట్టిపడదు. పిమ్మట పన్ను మొలచునప్పుడే మచ్చతో మొలచును. కావున అది పైన అంటిన మురికి కాదు. పన్ను లోపలి నేతలోని లోపము. పెద్దవాడైన తరువాత ఎంత మంచి నీరు త్రాగినను ఆ మచ్చ పోదు. అట్లే, మంచి నీటి ఊరిలో పెరిగినవాడు పదేండ్లు దాటిన తరువాత ఫ్లోరైడు ఊరికి పోయినను వాని ముందుపళ్ళకు మచ్చ రాదు. ఎముకలకు మాత్రము ఏ వయస్సునందైనను హాని తప్పదు.

దీనికి తార్కాణము ఆ కనిగిరి బాలుని ఇంటనే యున్నది. వాని చెల్లెలు మల్కాపురమునకు వచ్చిన తరువాత పుట్టినది. ఇప్పుడు రెండవ తరగతి చదువుచున్నది. ఆమెకు క్రొత్తగ మొలచిన ముందుపళ్ళు మల్లెమొగ్గలవలె తెల్లగ నున్నవి. తల్లిదండ్రులు వారే, వండి పెట్టు చేయి అదియే. మారినది నీరు. విశాఖ నగరమునకు మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ మొదలగు జలాశయముల నుండి నీరు వచ్చుచున్నది. ఇట్టి జలాశయముల నీటిలో సాధారణముగ ఫ్లోరైడు స్వల్పము.

కీడు చేయునదియే మేలు చేయుట

ఇచట ఒక చిక్కు కలదు. కనిగిరి బాలుని దవడపళ్ళలో గుంట యేల లేదు? ఈ ప్రశ్ననే నూరేండ్లకు పూర్వము అమెరికాలో ఒక దంతవైద్యుడు వేసికొనెను. 1901లో మెకే అను యువ వైద్యుడు కొలరాడో స్ప్రింగ్స్ అను ఊరికి పోగా, అచట పుట్టి పెరిగినవారి పళ్ళపై గోధుమరంగు మచ్చలు కనబడినవి. ఏండ్ల తరబడి కారణము వెదకుచు, మచ్చపడిన ఆ పళ్ళు సులభముగ పుచ్చిపోవుట లేదని ఆయన గమనించెను. 1931లో చర్చిల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఆ నీటిలో ఫ్లోరైడు హెచ్చుగ నున్నదని కనుగొనెను. పిమ్మట డీన్ అను ప్రభుత్వ వైద్యాధికారి ఊరూరి నీటిని, పిల్లల పళ్ళను పోల్చి చూచి, లీటరుకు సుమారు 1 మిల్లీగ్రాము ఉన్నచోట మచ్చలు అల్పముగను, పిప్పిపళ్ళు తక్కువగను ఉండునని తేల్చెను. ఫ్లోరైడు తక్కువగ నున్న గ్రాండ్ రాపిడ్స్ నగరపు నీటిలో 1945 జనవరిలో దానిని కొలిచి కలుపుట ఆరంభించిరి. ఆ తరువాత పుట్టిన పిల్లలలో పిప్పిపళ్ళు నూటికి అరువదికి పైగా తగ్గినవి. నేడు ఫ్లోరైడు కలిపిన టూత్‌పేస్టు ఇంటింటను వ్యాపించినందున, నీటిలో కలుపుటవలన కలుగు అదనపు లాభము నాటి కంటె తక్కువైనదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

మన దేశమున నీటిలో ఫ్లోరైడును కలుపుట లేదు. మన కష్టము దానిని తీసివేయుట. ఒకే పదార్థము ఒక ఊరిలో మందును, మరియొక ఊరిలో విషమును అగుచుండగా, పొరుగు ఊరి వారు చేసిరి గనుక మనమును చేయుదమనుట ఈ విషయమున తగదు. తన ఊరి అంకె చేతిలో లేనిదే పంచాయతీ ముందడుగు వేయరాదు.

మన జిల్లాల అనుభవము

ఫ్లోరైడు వ్యాధి మన దేశమున మొట్టమొదట శాస్త్రీయముగ వర్ణింపబడినది తెలుగు నేలపైననే. 1937లో షార్ట్ అను వైద్యుడును, ఆయన సహచరులును నాటి నెల్లూరు జిల్లాలోని పల్లెలలో నడుము వంగి, మెడ తిరుగక, కీళ్ళు బిగిసిన రైతులను పరీక్షించి, ఆ వ్యాధికి బావి నీటిలోని ఫ్లోరైడు కారణమని ప్రకటించిరి. నాడు నెల్లూరు జిల్లాలో నుండిన కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములు 1970లో ఏర్పడిన ప్రకాశము జిల్లాలో చేరినవి. జిల్లా మారినను నేల మారలేదు. నేలలోని రాయి మారలేదు.

తెలంగాణమున నల్లగొండ జిల్లా కథ అందరెరిగినదే. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి మండలములలోని ఎన్నో పల్లెలలో తరముల వారు ఈ నీటితో బాధపడిరి. మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానినొకటి ఒరసికొనునట్టి వైకల్యమును అచటి యువకులలో గుర్తించి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో ప్రకటించిరి. ఎదుగు వయస్సున సరియైన తిండి లేని దేహమునందు ఫ్లోరైడు మరింత పగబట్టునని ఆ పరిశోధనలు సూచించినవి.

పళ్ళమచ్చ ఈ వ్యాధికి తొలి హెచ్చరిక. ఎముకలు బిగియుటకు పది, ఇరువది యేండ్లు పట్టును. పళ్ళు ఏడెనిమిదేండ్లకే సాక్ష్యము చెప్పును. కావున మూడవ తరగతి పిల్లల ముందుపళ్ళు చూచుట యనగా ఆ ఊరి త్రాగునీటి చరిత్రను చదువుట. ఒక పాఠశాలలో ఇద్దరు ముగ్గురికి కాక, పలువురికి ఒకే తీరు మచ్చలున్నచో పంచాయతీ వెంటనే మేలుకొనవలెను. అవి సోమరితనపు గుర్తులని పిల్లలను దండించుట అన్యాయము. ఆడపిల్లకైనచో ఆ మచ్చ పెండ్లిచూపుల వరకు వెంటాడుచున్నది. తాను చేయని తప్పునకు నోటికి చేయి అడ్డము పెట్టుకొని బ్రతుకవలసిన గతి ఏ బిడ్డకును రారాదు.

చక్కెర చేయు పని

ఇక మల్కాపురపు మొదటి బాలుని సంగతి. వాని నీటిలో దోషము లేదు. పాఠశాల గేటు ముందర నాలుగు బండ్లు, రెండు బడ్డీలు కలవు. చాక్లెట్లు, జీళ్ళు, నిమ్మబిళ్ళలు, క్రీము బిస్కట్లు, రంగునీళ్ళ పొట్లములు విక్రయమగుచున్నవి. బడి మొదలగుటకు ముందొకటి, విరామములో నొకటి, ఇంటికి పోవునప్పుడొకటి. ఇంట రెండు పూటల చక్కెర టీ, అందులో ముంచిన బిస్కట్టు. ఒక్కొక్కటి రూపాయి, రెండు రూపాయల సరకు. అందుచేత తల్లిదండ్రులకు లెక్కకు రాదు.

నోటిలో కంటికి కనబడని సూక్ష్మజీవులు పళ్ళపై పాచివలె అంటుకొని యుండును. మనము తిను చక్కెరను అవియు తిని ఆమ్లమును విడుచును. ఆ ఆమ్లము పింగాణి పొరలోని కాల్షియమును కరగించును. 1940ల దశకమున స్టెఫాన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, చక్కెర నోటబడిన కొద్ది నిమిషములలోనే పంటిపై పుల్లదనము పెరుగుననియు, తిరిగి పూర్వస్థితికి వచ్చుటకు అరగంట మొదలు గంట వరకు పట్టుననియు కొలిచి చూపెను. ఆ వ్యవధిలో లాలాజలము పుల్లదనమును కడిగి, కరగిన కాల్షియమును తిరిగి పంటికి చేర్చును. లాలాజలమునకు ఆ తీరిక నిచ్చినచో పన్ను తనను తాను బాగుచేసికొనును. గంటకొక బిళ్ళ చప్పరించు పిల్లవాని నోటిలో ఆ తీరిక దొరకదు. గుంట పడుటకు కారణము అదియే.

స్వీడన్ దేశమున 1940, 50లలో ఒక మానసిక వైద్యశాలలోని వారికి పలు విధములుగ తీపి పెట్టి పరిశీలించిరి. వారి అనుమతి లేకుండ జరిగిన ఆ పనిని నేటి వైద్యధర్మము అంగీకరింపదు. కాని దాని ఫలితమును మరువరాదు. భోజనముతో కలిపి తిన్న చక్కెర వలన పిప్పిపళ్ళు అంతగా పెరుగలేదు. భోజనముల నడుమ పంటికి అంటుకొను మిఠాయి తిన్నవారిలో మిక్కుటముగ పెరిగినవి. అనగా ఎంత తింటిమను దానికంటె ఎన్ని మారులు తింటిమి, ఎంతసేపు నోటిలో నిలిచినది అనునవి ముఖ్యములు.

దంతవైద్య మండలి 2002-03లో జరిపించిన జాతీయ సర్వేలో 12 ఏండ్ల పిల్లలలో సగమునకు పైబడి పిప్పిపళ్ళు కనబడినవి. ఇది పట్టణపు జబ్బు మాత్రమే యని పల్లెవారు నిశ్చింతగ నుండుటకు వీలులేదు. మల్కాపురపు బడ్డీలో వ్రేలాడు పొట్లములే నేడు మారుమూల పల్లె బడి ముందరను వ్రేలాడుచున్నవి. పూర్వము పల్లె పిల్లలకు తీపి యనగా పండుగనాటి అరిసె, సంక్రాంతి చెరకు గడ, వేసవి తాటిముంజె. ఇప్పుడు ప్రతి దినమును పండుగయే.

ఒక హెచ్చరిక ఇచట అవసరము. ఆరవ యేట పాలపళ్ళ వెనుకగా, ఏ పన్నును ఊడకుండగనే, నాలుగు దవడపళ్ళు మొలచును. ఇవి శాశ్వత దంతములు. పాలపళ్ళేయని భ్రమపడి, "ఊడిపోయేవేగా" అని తల్లులు ఉపేక్షింతురు. తరచు పుచ్చిపోవునవి ఇవియే. ఒకసారి పోయినచో మరల రావు. మల్కాపురపు బాలుని రాత్రి సలుపు ఈ పంటిదే. కనిగిరి బాలుని చెల్లెలి తెల్లని పలువరుస వెనుక కూడ, ఆమె నోరు తెరచినప్పుడు, నల్లని చుక్క యొకటి మాకు కనబడినది. అన్నకు పుట్టిన ఊరు చేసిన కీడు ఆమెకు తప్పినది. పెరుగుచున్న ఊరి బడ్డీ కీడు ఇప్పుడిప్పుడే మొదలైనది.

తిండి విషయము

రెండు విధముల చేటునకును సరియైన తిండి అడ్డుకట్ట వేయును. కాల్షియము, సి విటమిను చాలినంత గల దేహమునందు ఫ్లోరైడు హాని కొంత తగ్గును. ఎదుగు దంతమునకును కాల్షియమే ఇటుక. మన ఉత్తరాంధ్ర చోళ్ళు, అనగా రాగులు, 100 గ్రాములలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలిగియున్నవి. మరపట్టిన బియ్యములో అందు పదవ వంతైనను లేదు. చోడి అంబలిని బీదల తిండియని వదలివేసి, బిస్కట్టును గొప్పతనమని ఎత్తుకొనుట మన పల్లెలు చేసిన పొరపాటు. పాలు, పెరుగు, మునగాకు, ముల్లుతో సహా తిను చిన్న చేపలు, ఉసిరి, జామ - ఇవన్నియు చేతికందునవే. ఆంధ్రప్రదేశమున మధ్యాహ్న భోజనములో 2020లో వేరుశనగ చిక్కీని, 2023లో రాగిజావను చేర్చిరి. చిక్కీ బలమైన తిండియే. భోజనముతో పాటు తిని, నీటితో పుక్కిలించినచో పంటికి హాని స్వల్పము. దానిని జేబులో దాచుకొని మధ్యాహ్నమంతయు చప్పరించుట మాత్రము కూడదు.

చింతపండు సంగతియు చెప్పదగినది. జాతీయ పోషకాహార సంస్థ వారు బడి బాలురకు దినమునకు 10 గ్రాముల చింతపండును 18 దినములు భోజనముతో ఇచ్చి చూడగా, మూత్రము ద్వారా బయటకు పోవు ఫ్లోరైడు పెరిగినదని 2002లో ప్రకటించిరి. మన చారు, పులుసు ఆ మేరకు మేలే. కాని చారు త్రాగుచున్నాము గనుక బావి నీరెట్లున్నను సరియే యనుకొనుట ప్రమాదము. ఫ్లోరైడు ఊళ్ళలో టీ మితిమీరుటయు మంచిది కాదు; టీ ఆకులో ఫ్లోరైడు సహజముగనే యుండును.

నీటిని బాగుచేయు మార్గములు

నీటిని కాచినచో ఫ్లోరైడు పోవునని పెక్కుమంది తలచుచున్నారు. పోదు. ఆవిరియైపోవునది నీరు మాత్రమే. ఫ్లోరైడు మిగిలిన నీటిలో చిక్కబడును. బ్లీచింగు పొడి చల్లినను, గుడ్డతో వడగట్టినను ప్రయోజనము లేదు. అవి క్రిములకును, మురికికిని మాత్రమే పనికివచ్చును.

నాగపురములోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970ల దశకమున ఒక పద్ధతిని రూపొందించి, దానికి నల్లగొండ పద్ధతి అని పేరిడినది. నీటిలో సున్నము, పటిక, బ్లీచింగు పొడి తగు పాళ్ళలో వేసి, కొంతసేపు నెమ్మదిగ కలిపి, గంటసేపు కదలకుండ నుంచినచో, ఫ్లోరైడు పటిక రజనుతో పాటు అడుగునకు దిగును, పైతేటను తీసికొనవలెను. 1980లో అనంతపురము జిల్లా కదిరిలో ఈ పద్ధతిపై తొలి సామూహిక కేంద్రము నెలకొనినది. పాళ్ళు ఊరి నీటిని బట్టి మారును గనుక ప్రయోగశాల వారు లెక్కగట్టి ఇయ్యవలెను. పటిక ఎక్కువైనను హానియే. నేడు పలు గ్రామములలో ఆర్.ఓ. యంత్రములు వెలసినవి, అవియు ఫ్లోరైడును తొలగించును. కాని యంత్రమేదైనను దినదిన సంరక్షణ లేనిచో నిలువదు. ప్రారంభోత్సవమునాడు పూలదండ వేసి, మరుసటి యేడు తాళము వేసిన కేంద్రములు మనకు క్రొత్త కావు.

అన్నింటికంటె మేలైన మార్గము నది లేక జలాశయము నుండి మంచి నీటిని తెచ్చుట. తెలంగాణమున 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ కృష్ణా, గోదావరి నీటిని నల్లగొండ పల్లెలకు చేర్చినది. నల్లా నీరు వచ్చిన పల్లెలోను, అలవాటు చొప్పున పాత చేతిపంపు నీటినే త్రాగువారుందురు. క్రొత్త నీటిని తెచ్చుట ఎంత పనియో, పాత నీటిని మాన్పించుటయు అంత పనియే.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగపు 73వ సవరణ ద్వారా పంచాయతీలకు అప్పగింపదగిన అంశములలో త్రాగునీరు ఒకటి. కావున ఈ క్రింది పనులు ఇతరులవని పంచాయతీ వారు అనజాలరు.

మొదటిది, ఊరిలోని ప్రతి త్రాగునీటి బావిని, గొట్టపుబావిని పరీక్ష చేయింపవలెను. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ క్రింద గ్రామములకు పరీక్షా పేటికల నిచ్చి, ఊరికి ఐదుగురు స్త్రీలకు శిక్షణ నొసగు ఏర్పాటు కలదు. పేటికలో అనుమానము తోచిన నీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపవలెను. వర్షాకాలమునకు ముందొకసారి, తరువాత నొకసారి చూచుట మంచిది. వచ్చిన అంకెను కాగితములలో దాచక, పంపు ప్రక్కనే గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను.

రెండవది, క్రొత్త గొట్టపుబావి త్రవ్వించినప్పుడు నీరు పడినదని సంతోషించి వెంటనే పంపు బిగింపరాదు. ముందు ఫ్లోరైడు అంకె చూడవలెను. 1.5 దాటినచో ఆ నీటిని బట్టలకు, పశువుల కొట్టముల శుభ్రతకు మాత్రమే వాడునట్లు ఎర్ర రంగు గుర్తు వేయింపవలెను. ఈ యేడు ఆ నీటిని త్రాగించినచో, ఈ యేడు పుట్టిన బిడ్డ మూడవ తరగతికి వచ్చునప్పటికి ఆ తీర్మానము వాని పళ్ళపై వ్రాసియుండును. చెరిపివేయుటకు ఏ సమావేశమునకును అధికారము లేదు.

మూడవది, మచ్చలు కనబడిన పాఠశాల సంగతిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునకు తెలుపవలెను. 2008-09లో కేంద్ర ప్రభుత్వము ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమమును ఆరంభించినది. తొలుత చేర్చిన జిల్లాలలో నెల్లూరు ఒకటి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద బడిపిల్లల దంతములను పరీక్షించు ఏర్పాటును కలదు. వైద్యబృందము వచ్చు దినమున పిల్లలందరు బడిలో నుండునట్లు చూచుట సభ్యుల చేతిలోని పని.

నాలుగవది, బడి వేళలలో గేటు ముందర మిఠాయి బడ్డీలు లేకుండ చూడవలెను. బడ్డీవాని పొట్ట కొట్టుమని మేము చెప్పుట లేదు. అతనిచేతనే జామకాయలు, వేరుశనగలు, ఉడికించిన సెనగలు అమ్మింపవచ్చును.

ఐదవది, తోముకొను పద్ధతి నేర్పింపవలెను. రాత్రి పరుండబోవు ముందు తోముట ఉదయపు తోముటకంటెను ముఖ్యము. ఇటుకపొడి, బొగ్గుపొడి పన్నును అరగదీయును. ఫ్లోరైడు తక్కువగ నున్న ఊళ్ళలో ఫ్లోరైడు పేస్టు పిప్పిపంటికి మంచి అడ్డు. మన దేశమున పేస్టులో దానిని పది లక్షల పాళ్ళకు 1000 పాళ్ళు మించనీయరాదను నియమము కలదు. చిన్నపిల్లలకు బఠాణీ గింజంత చాలును. మ్రింగక ఉమ్మివేయుట నేర్పవలెను. ఫ్లోరైడు హెచ్చుగ నున్న ఊళ్ళలో మాత్రము ఆరేండ్ల లోపు పిల్లలకు అట్టి పేస్టు వాడుటకు ముందు దంతవైద్యుని సలహా పొందవలెను. ఊరి నీటి అంకె తెలియనిదే ఈ చిన్న సలహానైనను సరిగ ఇయ్యజాలము.

మేము మల్కాపురము విడుచుటకు ముందు ఆ ఉపాధ్యాయునితో ఈ విషయములన్నియు మాటలాడితిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, కనిగిరి బాలుని దగ్గరకు పిలిచి, "నీ తప్పు కాదురా అబ్బాయీ. ఇటుకపొడి మానెయ్యి" అని చెప్పెను. ఆ మచ్చలను దంతవైద్యుడు కొంత కప్పగలడనియు, అందుకు వయస్సు మించిపోలేదనియు మేము తెలిపితిమి. మొదటి బాలుని పన్ను పీకవలసిన స్థితికి రాకమునుపే ఆసుపత్రిలో పూడ్పించుటకు అతని తండ్రి ఒప్పుకొనెను. బల్ల ఒక్కటియే, మందులు రెండు.

పంచాయతీ సభ్యులారా! మీ ఊరి బడిలోని బల్లపై కూర్చున్నవారు ఈ ఇద్దరిలో ఎవరు? అది తెలిసికొనుటకు మీ ఊరి నీటిని ఒక సీసాలో పట్టి పరీక్షకు పంపుట చాలును. వచ్చు సమావేశపు కార్యక్రమ పట్టికలో ఈ యంశమును మొదట చేర్చుడు.